పరదేశ బోధకుని సెలవులు

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని వ్రాసి పంపుమని సంపాదకులు కోరగా, నాకు స్వానుభవమున దెలిసిన విషయమునే వ్రాయుట మేలని తలంచితిని. పరదేశమున బోధకవృత్తి చేయువారి సెలవులను గూర్చియు, వారి యొడంబడికలను గూర్చియు కొన్ని మాటలు చెప్పుట నా యుద్దేశము. సెలవులన్నచో బాలబాలికలకు ప్రీతి. ఉపాధ్యాయులకును ప్రీతియే. స్వగ్రామమున పనిచేయువానికి సెలవు విశ్రాంతి నిచ్చును. సముద్రమున కావల పనిచేయువానికో, తలిదండ్రులను చూచుట, బిడ్డల యెదుగుదల నెరుగుట, ఇంటివారితో గూర్చుండి భుజించుట, ఇవన్నియు ఆ సెలవులోనే యిమిడియున్నవి. ఏడాదికొకమారు దొరకు నా కొలది దినములు ఏ కాగితముమీద ఏ మాటలతో వ్రాయబడునో, దానినిబట్టి యొక కుటుంబపు సుఖదుఃఖములు నడచుచుండును. కావున ఇది బోధకులకు మాత్రమే సంబంధించిన విషయము గాదు.

మా నివాసము విజయవాడలోని ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టు షెడ్లు, ఇంజను మేస్త్రీలు, టింకరింగు పనివారు, విడిభాగములమ్ము దుకాణములు గల ఆ పేట నెరుగనివారు కృష్ణామండలమున నుండరు. మా నాన్నగారు లారీ బాడీలు కట్టు మేస్త్రీ. వారికి ఇంగ్లీషు రాదు. తెలుగున గూడ సంతకమునకు మించి వ్రాయు నలవాటు లేదు. అయినను ఒప్పందపు కాగితము విలువ వారెరిగినంతగా చదువుకొన్నవారిలో ననేకులెరుగరు. ఏ లారీ యజమాని వచ్చినను, ఎస్టిమేటు వ్రాయింపకముందు వారు సుత్తి పట్టెడివారు కారు. కలప యెంత, ఇనుప రేకెంత, రంగుల ఖర్చెవరిది, అడ్వాన్సెంత, బండి యెన్నాళ్ళలో నప్పగింపవలయును, నడుమ వానలు గురిసి పని నిలిచిన దినములు లెక్కలో చేరునా, చేరవా అను సంగతులన్నియు గుమాస్తాచే వ్రాయించి, ఇరుపక్షములవారును సంతకములు చేసిన పిమ్మటనే పని మొదలు పెట్టెడివారు.

2008వ సంవత్సరమున ఇథియోపియా దేశపు రాజధానియగు అడిస్ అబాబాలోని యొక ప్రైవేటు పాఠశాలనుండి నాకు గణితోపాధ్యాయ పదవికి ఒడంబడిక వచ్చినది. నేనది చదివి యర్థము చెప్పగా మా నాన్నగారు సాంతముగా వినిరి. వారడిగిన మొదటి ప్రశ్న జీతమును గూర్చినది కాదు. "ఒరే అబ్బాయ్, ఇందులో రోజులెక్కడ రాశార్రా?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు తగిన జవాబు ఆ కాగితమున లేదు.

నా కథ సాగింపక ముందు, పరదేశ బోధకుల చరిత్రలో మన మండలమునకు గల సంబంధమును కొంత చెప్పవలయును. ఏలయన, నావలె ఇచ్చటినుండి వెళ్ళినవారికంటె ముందుగా, ఇచ్చటికి వచ్చినవారున్నారు. మా ఆటోనగర్ ప్రక్కగా సాగు బందరు రోడ్డు ఉయ్యూరు, పామర్రుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు పోయి మచిలీపట్టణము చేరును. ఆ పట్టణమునకు 1841లో ఇంగ్లాండునుండి రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురు మిషనరీలు వచ్చిరి. 1843లో నోబుల్‌గారు అచ్చట ఇంగ్లీషు పాఠశాలను స్థాపించిరి. ఆయన పేరిటి కళాశాల యా పాఠశాలనుండి పెరిగినదే. 1865లో ఆయన బందరులోనే కన్నుమూసిరి. వచ్చిన నాటినుండి గతించిన నాటివరకు ఇరువది నాలుగేండ్లు గడచినవి. ఆ కాలమున నొక్కమారైనను ఆయన స్వదేశమునకు పోలేదు.

నోబుల్‌గారి దీక్షను గూర్చి మన పెద్దలు తరచుగా చెప్పుదురు. అది చెప్పదగినదే. కాని ఆయనతో గూడ వచ్చిన ఫాక్సుగారి సంగతి చెప్పువారరుదు. ఫాక్సుగారి భార్య రోగపీడితురాలై 1845లో మరణించిరి. తల్లి లేని బిడ్డలను ఆయన ఇంగ్లాండు చేర్చి, మరల పనికి తిరిగి వచ్చిరి. పిదప తన యారోగ్యమును చెడుటచే 1848లో స్వదేశమునకు మరలి, ఆ సంవత్సరమే మరణించిరి. ఒకే యోడలో ఒకే పనికై వచ్చిన ఇరువురిలో ఒకరు ఇరువది నాలుగేండ్లు నిలిచిరి, ఒకరు ఏడేండ్లకే నేలకొరిగిరి. ఇరువురి సేవయును గొప్పదే. ఒకరు సెలవు లేకయే నిలువగలిగిరని అందరును నిలువగలరనుకొనుట న్యాయము కాదని ఫాక్సుగారి జీవితము మనకు దెలుపుచున్నది.

ఆ దినములలో సెలవు దుర్లభమగుటకు ముఖ్యకారణము దూరము. తెరచాప యోడలు ఆఫ్రికాఖండము దక్షిణపు కొనను చుట్టి రావలసియుండెను. ఆ ప్రయాణమునకు నాలుగైదు నెలలు పట్టెడిది. పోవుటకు, వచ్చుటకు నొక యేడాదిలో ముప్పాతిక భాగము నీటిమీదనే గడచుచుండ, ఏటేట నింటికి పోవుట కలలోని మాట. అందుచేతనే, కొన్ని యేండ్లు ఎడతెగక పనిచేసిన పిమ్మట దీర్ఘమైన సెలవు నిచ్చి స్వదేశమునకు పంపు 'ఫర్లో' అను పద్ధతి యేర్పడినది. 1869లో సూయజు కాలువ తెరువబడిన పిదప ఆవిరియోడలు వారములలో ప్రయాణము ముగింపజొచ్చినవి. నేడు విమానము గంటలలో ముగించుచున్నది. దారి చిన్నదైన కొలది సెలవు తరచైనది. తరచైన కొలది కురుచయైనది. వేసవి తాపమును దప్పించుకొనుటకు వారు మన కొండలనే యాశ్రయించిరి. మధుర ప్రాంతపు అమెరికా మిషనరీలు 1845లో కొడైకెనాలున నివాసము లేర్పరచుకొన్నది తమవారిని రోగములనుండి కాపాడుకొనుటకే. వారి సంఘములు మొదట ననుభవముచే నేర్చి, పిదప నియమములుగా వ్రాసికొన్నవి. విశ్రాంతి లేని బోధకుడు త్వరలోనే సమాధికి బోధకుడగునని వారికి అర్థమైనది.

ఇప్పుడు ప్రవాహము ఎదురు దిక్కునకు గూడ పారుచున్నది. 1941లో ఇటలీవారి యాక్రమణము తొలగిన పిమ్మట, ఇథియోపియా చక్రవర్తియగు హైలీ సెలాసీ తన దేశమున పాఠశాలలను పునరుద్ధరింపదలచి పరదేశములనుండి బోధకులను రప్పించెను. వారిలో భారతీయులనేకులు. రాజధానియందే కాక, మారుమూల పట్టణములందును వారు గణితము, శాస్త్రములు, ఇంగ్లీషు బోధించిరి. ఇటీవలి దశాబ్దములలో ఆ దేశపు విశ్వవిద్యాలయములలో మన తెలుగు అధ్యాపకులు పలువురు పనిచేసిరి. ఆ బాటననే నేనును పోయితిని.

నా యొడంబడిక రెండు పాఠశాలా సంవత్సరములకు. సెలవులు 'పాఠశాల నిబంధనల ననుసరించి' యని యుండెను గాని ఆ నిబంధనలు జతపరుపబడలేదు. అవి పంపుడని నేను రెండు మారులు వ్రాసితిని. వచ్చిన పిమ్మట చూడవచ్చునని జవాబు వచ్చెను. ఆనాడు నాకు వేరొక యుద్యోగము లేదు, ఇంట ఖర్చులు పెరుగుచుండెను. అన్నియు నాలోచించుకొని, మా నాన్నగారి యనుమతితో సంతకము చేసి బయలుదేరితిని.

ఆ దేశపు కాలమానము వింతయైనది. ముప్పదేసి దినముల నెలలు పండ్రెండు గడచిన పిదప, ఐదు లేక ఆరు దినముల పదమూడవ నెల యొకటి వచ్చును. వారి సంవత్సరాది మన లెక్కకు సెప్టెంబరు 11వ తేదీ. సంవత్సర సంఖ్య మన వాడుకలోని దానికంటె ఏడెనిమిది తక్కువ. నేను చేరినప్పుడు వారికి 2001వ సంవత్సరము మొదలయ్యెను. క్రిస్మసు పండుగ జనవరి 7వ తేదీన జరుపుకొందురు. వానకాలమున, అనగా జూలై, ఆగస్టు నెలలలో బడులు మూయుదురు. ఇవన్నియు వినుటకు వేడుకగా నుండును. కాని నా యొడంబడిక ఆ కాలమానముననే వ్రాయబడియుండెను. జీతము సంవత్సరాది నెలయగు మెస్కెరెమ్ నుండి సెనె వరకు పది నెలలకే. హమ్లె, నెహాసె అను రెండు నెలలును, పాగుమె యను ఐదు దినములును, అనగా జూలై 8 మొదలు సెప్టెంబరు 10 వరకు 65 దినములు, జీతము లేని సెలవు. ఇంటికి పోవు విమానపు టిక్కెట్టు రెండవ యేట చివరనే యిత్తురు.

మొదటి యేట ఆ 65 దినములు నా స్వంత ఖర్చుతో నింటికి వచ్చితిని. అప్పుడు నా కుమార్తె యైదవ తరగతి చదువుచుండెను. మన ప్రాంతమున బడులు ఏప్రిలు చివర మూసి, జూను నడుమ తెరచుట యెల్లరు నెరిగినదే. దానికి సెలవులైనప్పుడు నేను అడిస్ అబాబాలో పాఠము చెప్పుచుంటిని. నాకు సెలవులైనప్పుడు అది పుస్తకముల సంచి తగిలించుకొని బడికి పోవుచుండెను. "నాన్నా, నువ్వు మా సెలవుల్లో రావా?" అని యడిగెను. రెండు దేశముల కాలమానములు ఒక కుటుంబమును ఎట్లు వేరుచేయునో పంచాంగములు చూచి నేర్చుకొనలేదు, ఆ బిడ్డ ప్రశ్నచే నేర్చుకొంటిని. దసరా సెలవులకు ముందే నేను తిరిగి పోవలసివచ్చెను. సంక్రాంతి వారి రెండు పండుగలైన క్రిస్మసుకును, జనవరి 19వ తేదీనాటి తిమ్‌కెత్ పండుగకును నడుమ వచ్చును. ఆ దినమున నేను తరగతిలో నుంటిని.

2010 ఫిబ్రవరి నెలలో మా నాన్నగారికి పక్షవాతము వచ్చినదని తెలిసినది. నేను పదునైదు దినముల సెలవు కోరితిని. ఒడంబడికలో అత్యవసరపు సెలవును గూర్చి యొక్క మాటయును లేదు. నాడు అమలులో నున్న 2003 నాటి ఆ దేశపు కార్మికశాసనము ప్రకారము, మిక్కిలి గడ్డు సమయములలో ఐదు దినములు జీతము లేక పోవచ్చును. మా ప్రధానోపాధ్యాయుడు మంచివాడు. తన చేతనైనంత చేసి, జీతము లేక పది దినములిచ్చెను. అడిస్ అబాబానుండి బొంబాయి, అచ్చటినుండి హైదరాబాదు, పిదప రైలులో విజయవాడ చేరుటకు రెండు దినములు పట్టెను. మరలుటకు రెండు. మా నాన్నగారి మంచము ప్రక్కన నేను గూర్చుండిన దినములు ఆరు. వారికి మాట స్పష్టముగా రాకుండెను. నా చేయి మాత్రము విడువలేదు.

నేను తిరిగి పోయిన మూడు వారములకు వారు పరమపదించిరి. అదే శాసనము బంధుమరణమునకు మూడు దినములు జీతముతో సెలవిచ్చును. మా యింట పెద్దకర్మ పదునొకండవ నాడు. మూడు దినములలో ఆటోనగర్ చేరి మరలుట సాధ్యము కాదు. అందుచే ఆ మూడు దినములును అడిస్ అబాబాలోని నా గదిలోనే గడపితిని. అచ్చట నేను చూచిన దొకటి యెన్నడును మరువజాలను. ఆ దేశమున ప్రతి పేటయందును 'ఇద్దిర్' అను సంఘము లుండును. సభ్యులు నెలనెల కొంత చందా కట్టుదురు. ఎవరింట మరణము సంభవించినను, సంఘమువారు వచ్చి, ఖర్చులు భరించి, దుఃఖితుల ప్రక్కన గూర్చుందురు. నేను సభ్యుడను గాకపోయినను, ఇరుగుపొరుగువారు మూడు దినములును నా గదికి వచ్చి, రొట్టె తెచ్చి, మాటలాడక గూర్చుండిరి. మూడు దినముల సెలవు ఏల యేర్పడినదో నాకప్పుడు తెలిసినది. వారి యాచారమున పరామర్శ మూడు దినములు. ఆ శాసనము వారి జీవితమునకు సరిగా కొలిచి కుట్టిన వస్త్రము. అది వారికి చాలును, సముద్రమున కావల తల్లిదండ్రులున్న వానికి చాలదు. శాసనము చేసినవారి దోషము కాదిది. స్థానికుల కొలత పరదేశికి పొట్టియగును కావున, ఆ కొరత నొడంబడికయే తీర్పవలయును.

గడువు ముగిసిన పిదప ఆ దేశముననే యొక ప్రభుత్వ విద్యాసంస్థలో నాకు రెండేండ్ల యుద్యోగము వచ్చినది. ఈ మారు సంతకమునకు ముందు నాలుగు సంగతులు వ్రాయుడని కోరితిని: పండ్రెండు నెలల జీతము, ఏటేట ఒక టిక్కెట్టు, తలిదండ్రులకు గాని, భార్యాబిడ్డలకు గాని ఆపద కలిగినచో పది పనిదినములు, ప్రయాణ దినములు వేరుగా, వేసవి సెలవులలో నన్ను పనికి పిలిచినచో దానికి బదులు సెలవు. మొదటి మూడును వారు సంతోషముతో నంగీకరించి వ్రాసియిచ్చిరి. నాల్గవది కుదరలేదు. అడుగుటచే వారికి నామీద గౌరవము తగ్గలేదు. 2012లో నేను సెలవు చెప్పి వచ్చునప్పుడు, మరి రెండేండ్లుండుమని కోరిరి.

ఇది నా యొక్కని కోరిక కాదు. 1966 అక్టోబరు 5వ తేదీన పారిస్ నగరమున యునెస్కోయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు పిలిచిన సమావేశము ఉపాధ్యాయుల స్థితిని గూర్చి యొక సిఫారసు నంగీకరించినది. ఉపాధ్యాయులెల్లరకు పూర్తి వేతనముతో చాలినంత వార్షిక విరామము హక్కుగా నుండవలెనని యందు కలదు. మనము ప్రపంచ ఉపాధ్యాయ దినము జరుపుకొను తేదీ అదియే. 1970లో కార్మిక సంస్థవారు చేసిన వేరొక ఒడంబడికలో, ఏడాది పనిచేసినవానికి మూడు పనివారములకు తక్కువ కాని జీతపు సెలవు నిర్ణయింపబడినది. ఇందులో సిఫారసు దేశములను నిర్బంధించునది గాదు. ఒడంబడిక యైనను ఆమోదించిన దేశములకే చెల్లును. అయినను అడుగువానికి అవి చేతికర్ర వంటివి.

తలిదండ్రులు గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. మన దేశమున 1983 నాటి వలసల చట్టము క్రింద, గల్ఫు మొదలగు కొన్ని దేశములకు కూలిపనికి పోవువారి ఒప్పందములను పరీక్షించుటకు ఒక అధికారి యేర్పడెను. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ఆ పరీక్ష లేదు. చదువుకొన్నవాడు తన కాగితము తానే చదువుకొనగలడని చట్టము తలంపు. అందుచే పట్టభద్రుడగు ఉపాధ్యాయునకు తన కండ్లే కాపలా. పరదేశమున కొలువు వచ్చిన ప్రతి యువకుడును, యువతియు ఈ ప్రశ్నలు వేయవలయును. జీతము పది నెలలకా, పండ్రెండు నెలలకా? సెలవు తేదీలు ఏ కాలమానము ప్రకారము? సెలవులలో ఊరు విడిచి పోవచ్చునా? టిక్కెట్టు ఎవరికి, ఎన్నడు? కుటుంబమునకు గూడ కలదా? ఆపద వచ్చినచో ఎన్ని దినములు, ప్రయాణ దినములు అందులో చేరునా? గడువు మధ్యలో విడిచిపోయినచో నేమి చెల్లింపవలయును? 'నిబంధనల ననుసరించి' యని వ్రాసినచో, ఆ నిబంధనల ప్రతి యెక్కడ?

ఇట్లడుగుట సేవాధర్మమునకు విరుద్ధమని కొందరనుకొందురు. విద్యాదానము చేయువాడు దినములు లెక్కించునా యని యాక్షేపింతురు. నోబుల్‌గారి పేరునే యెత్తి చూపుదురు. నేనును నోబుల్‌గారికి నమస్కరించువాడనే. కాని త్యాగమనగా నేమి? తనకు హక్కుగా గల దానిని తన యిష్టముచే విడుచుట. సెలవు కాగితమున నుండి, అవసరమని తలంచి బోధకుడు దానిని విడిచినచో అది త్యాగము. కాగితముననే లేనప్పుడు అతడు విడిచినదేమున్నది? అచ్చట త్యాగము లేదు, కొరతయే యున్నది. ఒకరి త్యాగమును మరియొకరికి నియమముగా చేయుట త్యాగికిని మర్యాద కాదు.

తుదిగా మన బాలబాలికలకు ఒక మాట. కృష్ణామండలపు ఇంగ్లీషు పాఠశాలలలో కేరళమునుండి వచ్చి బోధించువారు అనేకులున్నారు. వారు మన దేశీయులే యైనను, ఇల్లు, భాష, పండుగలు విడిచి వచ్చినవారు. ఓణము నాడు వారి మనస్సు ఎచ్చట నుండునో మీరు గమనించితిరా? క్రిస్మసు సెలవులలో వారు రైలెక్కి పోయి, రెండు దినములు ఆలస్యముగా వచ్చినచో, ఆ రెండు దినములలో నొక తల్లి మంచము ప్రక్కన గూర్చుండి రాదగిన కారణ ముండవచ్చును. వారు తిరిగి వచ్చిన దినమున, పాఠమెంత వెనుకబడినదని యడుగుటకు ముందు, "ఇంట్లో అందరూ బాగున్నారా, మేడమ్‌గారూ?" యని యడుగుడు. పాఠశాలల పెద్దలును, క్రొత్తగా వచ్చు బోధకుని చేతికి నియామకపత్రముతో పాటు సెలవుల నిబంధనల ప్రతిని గూడ మొదటి దినముననే యిచ్చెదరు గాక. అది రెండు పుటల కాగితము. దాని ముద్రణకు పట్టు ఖర్చు స్వల్పము.